మాందె సౌనా మాట

మాందె సౌనా నోరు విప్పితే పొయ్యిలో పుల్ల కూడా చిటపటలు మానుతుందని ఆ ఊళ్ళో అనుకునేవారు. మాందె అంటే అమ్మ. ఊరందరికీ ఆమె అమ్మే. కొబ్బరి కోరుతూనో, బాణలిలో రెందాంగ్ మాంసం కలియబెడుతూనో ఒక మాట విసిరేది.

"పెద్దరికం తలపాగా లాంటిది నాయనా. కట్టుకున్నవాడికి తప్ప అందరికీ కనబడుద్ది."

ఇంకోసారి, "మనిషి సంగతి వాడింట్లో పిల్లి చెబుద్ది. అడుగుల చప్పుడు వింటే దగ్గరికొస్తదో, మంచం కిందికి దూరుద్దో చూడు."

ఆ మాటల కోసమే అల్లుడు బస్రిల్ వంటింటి గుమ్మంలో చతికిలబడేవాడు. ఆ దేశంలో అల్లుళ్ళందరిదీ ఇల్లరికమే. పొలం ఆడవాళ్ళది, పెత్తనం మేనమామది, దుక్కి అల్లుడిది. ఇంటి వ్యవహారాల్లో అల్లుడికి నోరు లేదు.

ఆ ఏడు సౌనా తమ్ముడు, వంశపెద్ద దతుక్ సిందారో, ఏటి పక్క పొలాన్ని సత్రం కట్టుకునే పట్నంవాడి చేతిలో పెట్టాలనుకున్నాడు. ఇంటిల్లిపాదికీ బువ్వ పెట్టేది ఆ పొలమే. అక్క ఒప్పుకోనిదే చెల్లదు గనక చుట్టాలను పిలిచి, అన్నం పళ్ళాలు పెట్టించి, మాటకు కూర్చున్నాడు. అటువంటి చోట మాట సామెతల్లోనే సాగాలి. సూటిగా అన్నవాళ్ళు ఓడినట్టే. మాట తేలిందాకా ఎవరూ అన్నం ముట్టరు.

"ఏటికి అడ్డం పడితే ఏరు ఆగదక్కా, గట్టే కోసుకుపోద్ది," అన్నాడు దతుక్ తమలపాకు చుడుతూ.

"ఏరు సంగతి ఏరు చెబితే వింటా తమ్ముడూ. చేప చెబుతుంటేనే అనుమానం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"చిల్లులు పడ్డ గంప మీద మోజు దేనికో!" అన్నాడు దతుక్.

"పారెయ్, ఎవరొద్దన్నారు? రాత్రికి అన్నం దేంట్లో తెస్తావో చెప్పి మరీ పారెయ్."

పళ్ళాల్లో మాంసం మీద నూనె గడ్డకట్టింది. దతుక్ తమలపాకు పక్కన పెట్టేశాడు. "పెద్దకొమ్మ వంగినప్పుడు చిన్నకొమ్మలు కూడా వంగాలి. లేదంటే విరుగుతయ్."

లోపలి గదిలో భార్య పసిదాన్ని ఊపుతున్న చప్పుడు వినబడింది బస్రిల్‌కి. అంతే, ఆగలేకపోయాడు.

"ఆ పొలం పోతే మేం ఏం తినాలి మామగారూ? ఇవ్వకండి!"

ఇల్లంతా గతుక్కుమంది. సూటిమాట! అందులోనూ అల్లుడి నోట! దతుక్ తలపాగా సర్దుకుని లేవబోయాడు. అతను లేచి వెళ్ళిపోతే అక్క వైపు ఓడినట్టే లెక్క, పొలమూ పోతుంది, బస్రిల్ కూడా బట్టలు మూట కట్టుకోవాల్సిందే.

మాందె సౌనా గొంతు పెంచలేదు.

"కూర్చో తమ్ముడూ. ఇంటివాళ్ళు నిద్రపోతుంటే చూరు అంటుకుంది. ముందు చూసినవాడు పరాయివాడు. కేకేశాడు. ముందు నీళ్ళు పోద్దాం. ఎందుకరిచావని తర్వాత అడుగుదాంలే."

బస్రిల్ ముందూ వెనకా చూడకుండా పెట్టిన కేక ఆమె నోట పడి సామెత అయిపోయింది. తప్పు తప్పు కాకుండా పోయింది! ఇంత మాట ఈ బక్క మనిషిలో ఎక్కడ దాగుందో!

దతుక్ సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు. చివరికి మెల్లగా కూర్చున్నాడు.

"నీళ్ళెక్కడున్నయ్ అక్కా?"

"నీ ముందే ఉన్నయ్."

అతను ముందున్న, చేతులు కడుక్కునే నీళ్ళ గిన్నె వంక చూశాడు. ఒక్కసారిగా పెద్దగా నవ్వాడు. గిన్నెలో వేళ్ళు ముంచి, అన్నం ముట్టాడు. అందరి చేతులూ పళ్ళాల మీదికి వంగాయి. పొలం నిలిచింది.

బస్రిల్‌కి అన్నం సంగతే గుర్తులేదు. అత్తగారి వంకే చూస్తూ ఉండిపోయాడు.

"నన్నేం చూస్తావ్ అల్లుడూ, తిను," అందామె విసుగ్గా. "ఇంకోసారి అలా అరిచావంటే నీ మూట నేనే కడతా."