నర్సవ్వకు అన్నీ ఎనిమిదులే

ఆ రోజుల్లో మా ఇంటికి కాగితమూ పెన్నూ పట్టుకొని ఎవరైనా వచ్చారంటే చాలు, ఒక్క నిమిషంలో ఇల్లు ఇల్లంతా బీదదైపోయేది. (ఆ రోజులంటే మరీ తాతల కాలం కాదు, పదేళ్ల కిందటి సంగతే. కానీ పిల్లలకు చెప్పేటప్పుడు ఆ రోజులు అనకపోతే వాళ్లు కుదురుగా కూర్చోరు.) తిరిగే ఫ్యాను ఆగిపోయేది. బాపు బండి వెనక కొట్టంలోకి పోయేది. మా రెండు మేకలు పక్కింటివైపోయేవి. అప్పటిదాకా వాకిట్లో కోడిని తరుముతున్న మా నాయనమ్మ గోడ పట్టుకొని మూలుగుతూ బయటికి వచ్చేది. రాసుకునే మనిషి ఎవరు, దేనికి రాసుకుంటున్నాడు అని అడిగే అలవాటు ఆమెకు లేదు. దోమల మందు కొట్టడానికి ఇళ్లు లెక్కపెట్టుకునేవాళ్లు వచ్చినా అదే మూలుగు. ఉన్నదని రాయిస్తే పించనో రేషనో ఏదో ఒకటి కట్ అవుతుందని ఆమెకు గట్టి నమ్మకం. మాది కథలాపూర్ దగ్గర పల్లె. ఎనిమిదో తరగతితో బడి మాని, బీడీలు చేసుకుంటూ, చెవిన పడిన ప్రతి ముక్కనూ తలలో దాచుకుంటూ పెరిగిన పిల్లను నేను. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, చెప్పకపోతే తర్వాత జరిగిందంతా నా తెలివితక్కువతనం అనుకుంటారు. (కొంత అదీ ఉంది.)

ఆ ఎండాకాలం సిరిసిల్లలో మా మేనత్త ఇంటికి పోయాను. మేనత్త కూతురు, అంటే మా వదిన, హైదరాబాదులో ఇంజనీరింగు చదివేది. సెలవులకు వస్తూ హాస్టల్లో అంటుకున్న ఒక ఆటను వెంట తెచ్చింది. ఆదివారం మేనత్త వాళ్ల సాంచాలు, అంటే మరమగ్గాలు, బంద్. వారమంతా చెవులు చిల్లులు పడేటట్టు మోగే మగ్గాల షెడ్డు ఆ ఒక్కరోజు మాట వినపడేటట్టుగా ఉండేది. గుడ్డ మడతపెట్టే బల్ల చుట్టూ ముగ్గురు కూర్చున్నారు: వదిన, ఆమె తమ్ముడు మా బావ, పక్కింటి లెక్కల పంతులు. వదిన కథ చెబుతుంది. మిగతావాళ్లు ఒక్కొక్కరూ ఆ కథలో ఒక మనిషి. బావ 'తలుపు తన్నుతున్న' అంటే కథలో తన్నినట్టే. తలుపు ఊడిందా, బావ కాలు విరిగిందా అన్నది ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. నేను ఒక మూలన కూర్చొని చూస్తూ చూస్తూ ఒళ్లో ఉన్న బీడీల చేట సంగతే మరిచిపోయాను. పుట్టినప్పటి నుంచి కథలు విన్నాను, చెప్పాను. కథలోకి పోయి తలుపు తన్నవచ్చని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. ఒళ్లంతా ఒకటే గిలిగింత.

బల్లకు నాలుగో పక్క ఖాళీగా ఉంది. నేను కూర్చుంటానని అడిగాను. ఆ జాగా తన దోస్తుకు మాట ఇచ్చానన్నాడు బావ. వదిన పాచిక పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"అచ్చే ఆదివారం దాకా టైం ఇస్తున్న. ఈ ఆట పుస్తకం సంపాదించి, అండ్ల రాసినట్టు నీ మనిషిని నువ్వే తయారు చేసుకొని రా. నేను చదివింది హాస్టల్ల దోస్తుది, అక్కడ్నే ఉన్నది. నన్ను అడిగితె నడువది."

"గది ఇంగ్లీషు పుస్తకం పిల్లా," అన్నాడు బావ. "నువ్వు చాయ్ పెట్టు. దానికి పుస్తకం అక్కరలేదు."

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఊరికి తిరిగొచ్చాక, మంగళవారం దవాఖాన పని మీద జగిత్యాల పోయినప్పుడు ఒక పుస్తకాల దుకాణం ఎక్కాను. ఏ తరగతి అన్నాడు దుకాణాయన. తరగతి కాదన్నాను. ఏ పరీక్ష అన్నాడు. పరీక్షా కాదు, మనిషిని తయారు చేసే పుస్తకం కావాలి, వానికి బలం ఎంత, తెలివి ఎంత, ఎట్ల పుట్టిండు, ఎట్ల బతుకుతడు, అన్నీ అందులో ఉంటాయట అని చెప్పాను. పెద్దమనిషి నవ్వలేదు. స్టూలు ఎక్కి, పై అరలోంచి పంచాంగం తీసి దుమ్ము దులిపి చేతిలో పెట్టాడు. "నువ్వు చెప్పినయన్ని ఇండ్లనే ఉంటయమ్మా" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. తెచ్చుకున్నాను.

అయినా అది ఆ పుస్తకం కాదని నాకూ తెలుసు. గురువారం కోరుట్లలో నెట్ సెంటరు నడిపే జిరాక్స్ అన్న దగ్గరికి పోయాను. ఆటకు వదిన చెప్పిన పేరును ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాను. అన్న కంప్యూటర్లో కొట్టి, "ఇగో, ఆట తయారు చేసినోళ్లే ఉత్తగనే పెట్టిండ్రు" అన్నాడు. వందకు పైగా పేజీలు. నేను కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాను. అన్న మాత్రం వాటిని చకచకా కిందికి తోసుకుంటూ పోయి చిట్టచివరి పేజీ దగ్గర ఆగి, గెలిచినవాడిలా నా వైపు చూశాడు. అక్కడ గళ్లు గళ్లుగా ఒక ఖాళీ ఫారం. అది ఒక్కటే ప్రింటు తీశాడు. (ఒకటి ఖరాబైతే ఇంకొకటి ఉండాలని రెండు తీశాడు.) ఆయన అనుభవం అది. ఎన్ని కాగితాలున్నా మనిషికి కావలసింది చివరి ఫారమే, ముందరిదంతా ఇన్నేళ్లలో ఎవరూ చదివినట్టు ఆయన చూడలేదు. నేను బతిమాలితే, వచ్చేపోయేవాళ్ల పని చేసుకుంటూనే మధ్య మధ్య కొన్ని పేజీలు చదివి అర్థం చెప్పాడు. మనిషికి ఆరు గుణాలు: బలం, చురుకుదనం, ఓర్పు, తెలివి, వివేకం, మాట. ప్రతిదీ ఎనిమిది నుంచి మొదలు. పదిహేను దాకా పెంచుకోవచ్చు, దానికి కొన్ని పాయింట్లు ఇస్తారు. అంతా తలలో పెట్టుకున్నాను. లేచేటప్పుడు అన్న అడిగాడు, ఫోటోలు ఎన్ని పెట్టమన్నారని. ఫోటో సంగతి ఎవరూ చెప్పలేదన్నాను.

"చెప్పరు. పోయినంక ఫోటో ఏదని మళ్ల తిప్పుతరు. ఒకటి అంటువెట్టుకొని పో."

అంటుపెట్టుకొనే పోయాను.

శనివారం పొద్దున చాపేసుకొని, ఫారం ముందర పెట్టుకొని కూర్చున్నాను. పెన్ను మూత తీసిన చప్పుడుకు నాయనమ్మ వచ్చి పక్కన చేరింది. ఇది ఆట అని చెప్పాను. వదిన చూస్తుందని చెప్పాను. వదిన అంటే ఆమెకు సొంత కూతురి కూతురే.

"ఎవ్వలు చూసినా రాసుడు రాసుడే," అన్నది. "బలం ఎంత ఏస్తున్నవ్?"

పదిహేను వేద్దామనుకుంటున్నానన్నాను. నేను నాగలికి ఎద్దునో, పించను అడిగే మనిషినో తేల్చుకొమ్మన్నది. తక్కువలో తక్కువ ఎంత వేయవచ్చో అడిగింది. ఎనిమిది అన్నాను. మరి ఎనిమిదే వెయ్యమన్నది. నాకు అది ఆట అని తెలుసు. చేతికి తెలియదు. చిన్నప్పటి నుంచి ఆ గొంతు చెప్పినట్టు రాసిన చెయ్యి అది. బలం ఎనిమిది, చురుకుదనం ఎనిమిది, ఓర్పు ఎనిమిది, తెలివి ఎనిమిది, వివేకం ఎనిమిది. నా మనిషి పేరు నర్సవ్వ. వయసు అరవై రెండు. ఆధారం ఎవరూ లేరు. కత్తి రాయబోతే, ఇంట్లో కత్తి ఉందని ఎవరైనా కాగితం మీద రాసిస్తారా అని కసిరింది. చేతికర్ర, ఓటి కుండ, చిరిగిన గొంగడి రాయించింది. పంచాంగం కూడా వృథా పోనీయలేదు, ఏలినాటి శని నడుస్తోందని రాయించింది. చివరికి మాట అనే గడి మిగిలింది. అక్కడ మాత్రం నాయనమ్మ లెక్క మార్చింది.

"నోరు ఉన్నదని రాయి. నోరున్నదని ఎవ్వలు ఏం కట్ చెయ్యరు."

మాట పదిహేను.

ఆదివారం మళ్లీ సిరిసిల్ల పోతే, వదిన ఆ కాగితం చేతిలోకి తీసుకొని పై నుంచి కిందికి రెండుసార్లు చదివింది. బావ ఆమె భుజం మీది నుంచి తొంగి చూసి మగ్గానికి ఆనుకొని నవ్వాడు. "అక్కా, గిది హీరోనా, పించను దరఖాస్తా? ఫోటో సుత అంటువెట్టింది." బావ మనిషి ఏడడుగులు, ఇనుప చొక్కా, రెండు కత్తులు, ఒక గుర్రం. పంతులు మనిషి మంత్రగాడు. నా చెవులు కాలిపోతున్నాయి. కానీ వదిన చదువుకున్న మనిషి కదా, లెక్కంతా సరిచూసి, ఎనిమిదికి తక్కువ ఎక్కడా లేదనీ, పెంచుకోవచ్చన్నారే గానీ పెంచాలని ఎక్కడా రాయలేదనీ తీర్పు చెప్పింది. కూర్చోమన్నది. అప్పుడు బావ ఒక షరతు పెట్టాడు. నర్సవ్వ ఇవాళ కథలో చచ్చిపోతే జాగా తన దోస్తుది. వదిన నా వైపు చూసింది. పౌరుషం కొద్దీ సరేనన్నాను.

కథలో మేం ఒక గుహ దాటాలి. గుహలో రెక్కల పాము, నోరు తెరిస్తే నిప్పులు, కింద బంగారం కుప్ప. బావ గుర్రమెక్కి, రెండు కత్తులూ దూసి మీదికి ఉరికాడు. పాచిక వేస్తే రెండు పడింది. ఇనుప చొక్కాతో సహా గోడకు కొట్టుకొని పడిపోయాడు. పంతులు మంత్రం వేయబోతే ఒకటి పడింది, ఆయన గడ్డమే అంటుకుంది. ఇప్పుడు పాము తల మెల్లగా నా వైపు తిరిగిందని చెప్పి, వదిన గొంతు తగ్గించింది.

"నర్సవ్వా, నువ్వేం చేస్తున్నవ్?"

నేను ఏమీ ఆలోచించలేదు. కుర్చీలోంచి లేచి, మగ్గం పట్టుకొని మూలుగుతూ నేల మీద కూలబడ్డాను. చున్నీ నెత్తి మీదికి లాక్కున్నాను.

"అయ్యా, పెద్దోనివి, నా ఇంట్ల ఏం లేదు. కర్ర సుత నాది కాదు, అడుక్కచ్చుకున్న. నన్ను తింటె నీ పన్ల సందుల కూడ నిండ. తింటె తిను గని, నా మీద ఏలినాటి శని నడుస్తున్నది, రాసి ఉన్నది సూడు. నేను నీ కడుపులకు పోతె అది ఎటు పోతది? నీకే తాకుతది. ఇంత బంగారం కూడవెట్టుకున్నోనివి, నీకెందుకయ్యా నా శని?"

వదిన నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేసుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకొని, పదిహేను రావాలి, వెయ్యి అన్నది. పాచిక వేశాను. అది బల్లంతా దొర్లి, దారపు కండెకు తగిలి ఆగింది. పదమూడు. బావ అప్పుడే ఫోను తీశాడు, దోస్తును పిలవడానికి.

"ఆగు," అన్నది వదిన. "నోరు పదిహేనున్నోళ్లకు రెండు కలుస్తయి."

షెడ్డు అదిరేటట్టు అరిచాను. మేనత్త ఏ సాంచా మీద ఏం పడిందోనని పరుగెత్తుకొచ్చింది. కథలో పాము రెండడుగులు వెనక్కి జరిగి, ఆ శని ఏదో దూరంగానే పట్టుకుపొమ్మని, దారి ఖర్చులకు ఒక కుండెడు బంగారం కూడా ఇచ్చి పంపింది. వదిన పెన్ను తీసి నా కాగితం మీద బంగారం రాయబోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

"అది నా కాగితం మీద రాయకు వదినా, ఉన్న గొంగడి సుత కట్ అయితది."

ఆ చిరిగిన గొంగడి మీదే ఏడడుగుల వీరుణ్ని గుహ బయటికి ఈడ్చుకొచ్చాను. ఆ సాయంత్రం చాయ్ బావ పెట్టాడు. చక్కెర మరిచిపోయాడు, అయినా రెండు గ్లాసులు తాగాను.

ఇప్పుడు నేను కోరుట్లలో ఉంటున్నాను. మొన్న మా బిడ్డ బడి నుంచి ఒక కాగితం తెచ్చింది. తల్లికి ఏమేం వచ్చో రాయమని అందులో ఒక గడి. నేను పెన్ను మూత తీసి 'ఏమీ రాదు' అని రాసేశాను. నర్సవ్వ కథను నా నోటనే వందసార్లు విన్న పిల్ల, పక్క నుంచి చూసి, "అమ్మా, మళ్ల ఎనిమిదే ఏసినవా?" అన్నది.

లేచి పోయి ట్రంకు పెట్టె తెరిచాను. రేషన్ కార్డు కింద, నాయనమ్మ దాచమన్న చోటనే, ఆ ఫారం ఉంది. నర్సవ్వ, అరవై రెండేళ్లు అన్న రాత పక్కన పద్దెనిమిదేళ్ల పిల్ల ఫోటో. రెప్ప వేయకుండా, బిగుసుకొని, నన్నే చూస్తోంది. దాని మొహం చూసి నాకు నవ్వొచ్చింది, కొంచెం జాలీ వేసింది. తిరిగొచ్చి బడి కాగితం మీద రాసింది కొట్టేసి, 'కథలు చెప్పడం వచ్చు, బాగా వచ్చు' అని రాశాను. రాసి, అలవాటు కొద్దీ ఒకసారి పైకి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. ఆపలేదు.