ఐదో మాట చెప్పడానికి రాజోలు దాటి

మంచి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి వరకు మా గుళ్లలో ఏడుగురు మాట్లాడతారు. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఆ ఏడాది రాజోలు అవతల ఒక పేటలో ఐదో మాట, అంటే దాహం గురించిన మాట, నన్ను చెప్పమన్నారు. పిలిచింది ఆ సంఘ పెద్ద యాకోబు గారు. ఆయన చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే మనిషి. వరసకు మా మేనమామగారికి వియ్యంకుడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల దినాలు మొదలైన వారంలోనే ఉత్తరం రాయించారు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే తమ పేటకు తాగునీళ్లుండవనీ, పేట నుయ్యి ఉప్పనీ, ఊళ్లో మంచినీళ్ల చెరువు నిండుగా ఉన్నా తమను రేవులో దిగనివ్వరనీ అందులో ఉంది. పోయినేడు వాంతులు, విరేచనాలతో ఆయన మనవడు పోయాడట. ఈసారి ఊరి మునసబుగారు ఆరాధనకు వస్తానన్నారు కాబట్టి, ఐదో మాటలో ఆయన చెవిన పడేలా నాలుగు ముక్కలు చెప్పాలట. చివర్లో ఇలా రాయించారు: “మీరు చదువుకున్నోరు, ఎవరికీ నొప్పి తగలకుండా చెప్పగలరండి.”

నేను భీమవరంలో బడిపంతులుని. నొప్పి తగలకుండా చెప్పడం మా వృత్తిలోనే ఉంది. పన్నెండు పేజీలు రాసుకున్నాను. గురువారం సెలవు అడిగితే హెడ్మాస్టరుగారు ఇవ్వలేదు, అందుకని శుక్రవారం తెల్లవారగానే బయలుదేరాల్సి వచ్చింది. ఆ దారిన వెళ్లదలచిన వాళ్లెవరైనా నేను చేసిన ఈ తప్పు చేయకండి. ముందురోజే వెళ్లిపోండి.

నరసాపురం రైలు అయిదున్నరకు. మూడో తరగతి టిక్కెట్టు ఎనిమిదణాలు. అది ఏడింటికి దించింది. ఆ రోజు మొత్తంలో చెప్పిన వేళకు జరిగిన పని అదొక్కటే. అక్కడినుంచి గోదావరి రేవుకు నడిచి వెళితే, సఖినేటిపల్లి పడవ ఒడ్డునే ఉంది. మనిషికి అణా. పడవలో నేనూ, నాలుగు వంకాయ బుట్టలూ, ఒక సైకిలూ. నిండితేగాని తోయనన్నాడు పడవవాడు. నిండడానికి ముప్పావు గంట పట్టింది. నిండాక ఎవరో గట్టు మీదనుంచి కేకేస్తే, ఆయన కోసం ఇంకో పావుగంట ఆగాం. తీరా ఆయన వచ్చి, తాను రావడం లేదనీ, తమ్ముడికి మందు సీసా పంపించాలనీ చెప్పి, సీసా ఇచ్చి వెళ్లిపోయాడు. పడవలో ఒక్కరికీ కోపం రాలేదు. నాకు వచ్చింది గానీ నా కోపం ఎవరికీ కనపడినట్టు లేదు.

అవతల రాజోలు బస్సు, ఆరణాలు. బొగ్గు బస్సు. వెనకనున్న డబ్బాలో బొగ్గులు రాజేసి, చక్రం తిప్పి తిప్పి ఊదితేగాని కదలదు. ఎప్పుడు బయలుదేరుతుందని డ్రైవరుని అడిగాను.

“ఆయ్, ఇదిగోనండి, కదిలిపోతున్నామండి,” అన్నాడు.

గంట గడిచాక మళ్లీ అడిగాను. అంతే మర్యాదగా, అదే జవాబు. మూడోసారి అడిగితే నా పక్కన కూర్చున్న ముసలాయన జాలిపడి, “ఆయన చెప్పేరు కదండి, కదిలిపోతందని,” అన్నాడు. కోనసీమలో ఎవరూ మిమ్మల్ని కాదనరు. ఆ మర్యాదతోనే మీ పొద్దు గడిచిపోతుంది. పదిన్నరకు రాజోలులో దిగేసరికి నా చొక్కా బొగ్గు మసితో నల్లబడింది, నోరు పిడచకట్టుకుపోయింది. ఉపవాసం కాబట్టి మంచినీళ్లు కూడా ముట్టకుండా బయలుదేరాను, అదో తెలివి.

రాజోలు నుంచి కాలువలో పడవ ఉంటుందని యాకోబు గారు రాయించారు. లాకుల దగ్గరికి వెళ్లి చూస్తే కాలువ అడుగు కనిపిస్తోంది. బురద గుంటల్లో పిల్లలూ పెద్దలూ చేపలు పడుతున్నారు. పడవ ఎక్కడని ఒక జట్కావాణ్ణి అడిగాను.

“పడవండీ? కాలువ కట్టేసి నాలుగు రోజులైందండి. చూస్తన్నారు కదండి,” అన్నాడతను.

కాలువ కట్టేస్తే నీళ్లుండవని రాసిన ఉత్తరంలోనే కాలువలో పడవ ఉంటుందనీ రాశారు. రెండూ చదివి రెండూ నమ్మాను నేను. యాకోబు గారిని అని లాభం లేదు. జట్కావాడు నాలుగు మైళ్లకు రూపాయి అడిగాడు. బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

పేట చేరేసరికి పన్నెండుకు పది నిమిషాలు. తాటాకు గుడి ముందు కొబ్బరాకుల పందిరి. యాకోబు గారు ఎదురొచ్చి, చేతులు పట్టుకుని, నా మొహం చూసి కంగారుపడ్డారు.

“అయ్యయ్యో, ఎండన పడి వచ్చేరా మాష్టారూ! ఒరే, బొండం కొట్టండ్రా!”

“బొండం వద్దండి. గొంతు తడుపుకోవడానికి కాసిని మంచినీళ్లు ఇప్పించండి చాలు.”

“మంచినీళ్లేంటండి, మా పేటకొచ్చి! బొండం ఉపవాసానికి అడ్డం కాదండి.”

బొండం ఇచ్చారు, తాగాను. ఎండలో వచ్చినవాడికి బొండం అమృతమే. కానీ ఐదు నిమిషాలు తిరగకుండా మళ్లీ నీళ్లడిగితే మళ్లీ బొండమే వచ్చింది. పందిట్లో ఆ పేటకున్న ఒకే ఒక్క కుర్చీలో మునసబుగారు కూర్చున్నారు. తెల్లటి పంచె, జేబుగడియారం. ఆయన చేతిలోనూ బొండమే. నన్ను పలకరించి, ఎంతో తృప్తిగా అన్నారు:

“చూసేరా మాష్టారూ! వచ్చినవాళ్లకి ఇలా బొండాలు కొట్టిచ్చే పేట ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదండి. వీళ్లకేం లోటండి?”

బొండాలు కొడుతున్న కుర్రాణ్ణి అడిగితే అప్పుడు తెలిసింది నాకు. ఆ బొండాలు యాకోబు గారికి దింపు కూలి కింద వచ్చినవి. ఎవరొచ్చినా తమ నీళ్లు కనపడనివ్వకూడదని, పిల్లల నోట్లో పడాల్సినవి దాచి మరీ కొడుతున్నారు. పాస్టరు అయ్యగారికీ బొండమే, బడి చూడ్డానికొచ్చే ఇన్‌స్పెక్టరుకీ బొండమే. నీళ్లు లేవని మొరపెట్టుకోవలసిన మునసబుగారికి కూడా బొండం కొట్టిచ్చి, తమకే లోటూ లేదని ఆయన చేతే అనిపించారు. ఇంత మర్యాదని ఏం చేసుకోవాలో నాకు అర్థం కాలేదు. యాకోబు గారిని పక్కకు పిలిచి, “చెరువు సంగతి మీరే ఒక ముక్క చెప్పకూడదా?” అన్నాను.

“మా ఇంటికొచ్చిన మనిషినెలా అడుగుతామండి? మీరు చెప్తారు కదండి, సుతారంగా,” అన్నారాయన.

పాస్టరు అయ్యగారికి ఐదూళ్లు. ఆ మధ్యాహ్నం ఆయన వేరే పేటలో ఉన్నారు కాబట్టి ఆరాధన నడిపించింది యాకోబు గారే. మాటకు పాతిక నిమిషాలని లెక్క. ఎవరైనా దాటితే కొట్టడానికి బల్లమీద గంట కూడా ఉంది. మొదటి మాట చెప్పినాయన నలభై నిమిషాలు తీసుకున్నాడు. రెండో ఆయన తన పెళ్లి సంగతి దగ్గర మొదలుపెట్టి కల్వరికి చేరేసరికి చాలాసేపు పట్టింది. మూడో మాట తల్లిని గురించినది కాబట్టి ఆడవాళ్లందరూ ఏడ్చారు, అది ఆపడం ఎవరి తరమూ కాలేదు. గంట కొట్టమని సైగ చేశాను. “పెద్దోళ్లు మాట్లాడతంటే గంటెలా కొడతామండి?” అని నా చెవిలో అన్నారు యాకోబు గారు. నాలుగో మాట అయ్యేసరికి మూడుకు పది నిమిషాలుంది. పందిట్లో మునసబుగారు గడియారం చూసుకుని, లేచి, చెప్పులు వేసుకుంటున్నారు.

నేను పన్నెండు పేజీలూ పట్టుకుని నిలబడ్డాను. మొదటి పేజీలో సమరయ దేశపు బావి దగ్గర ప్రభువు నీళ్లడిగిన సంగతి రాసుకున్నాను. అది చదువుతూ కూర్చుంటే మునసబుగారు గట్టెక్కి వెళ్లిపోతారు. పేజీలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

“నాకు దాహంగా ఉంది. మంచినీళ్లు ఇవ్వండి,” అన్నాను, బయటికి వినపడేలా.

మంచి శుక్రవారం నాడు, ఆరాధన మధ్యలో, మాట చెప్పవలసినవాడు నీళ్లడగడమా! గుడిలో గుసగుసలు బయలుదేరాయి. యాకోబు గారు పరుగున బొండం తెచ్చారు.

“బొండం వద్దు. మీరు రోజూ తాగే నీళ్లు కావాలి.”

“మాష్టారూ, మా పరువు తీయకండి,” అన్నారాయన. ఆ మనిషిని చూస్తే నాకు జాలి వేసింది. కోపం అంతకన్నా ఎక్కువ వచ్చింది.

ఆడవాళ్ల వైపునుంచి యాకోబు గారి భార్య శాంతమ్మగారు లేచారు. ఎవరివైపూ చూడకుండా ఇంటికి వెళ్లి, చింతపండుతో తోమిన ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు తెచ్చారు. కాలువ అడుగున చెలమ తవ్వి తోడిన నీళ్లు. గ్లాసు తళతళలాడుతోంది, లోపల నీళ్లు బురద రంగులో ఉన్నాయి. ఆమె దాన్ని నాకివ్వలేదు. పందిట్లోకి వెళ్లి మునసబుగారి ముందు నిలబడ్డారు.

“ఇయ్యేనండి మా మనవడు తాగింది,” అన్నారు.

మునసబుగారు గ్లాసులోకి చూశారు. “ఇన్నాళ్లూ చెప్పలేదేం యాకోబూ?” అన్నారు.

“మీరు మా పేటకి రావడమే మాకు పదివేలండి. ఎలా చెప్తామండి,” అన్నారు యాకోబు గారు.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తాటాకు గుడికి గోడలు కూడా సరైనవి లేవు. మునసబుగారు గట్టెక్కి వెళ్లిపోయారు. నేను ఆ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాను. ఉప్పు, బురద. రెండో గుక్క మింగలేకపోయాను. ఐదో మాట అక్కడితో అయిపోయింది. ఆరో మాట, ఏడో మాట మాత్రం వదల్లేదు, చెరో అరగంట చెప్పారు.

ఆ సాయంత్రమే తిరుగుప్రయాణం అనుకున్నాను. తీరా బండి లేదు, ఆదివారం దాకా బస్సు లేదన్నారు. శనివారమంతా యాకోబు గారు నాతో ముభావంగానే ఉన్నారు. భోజనానికి మాత్రం పిలిచేవారు, పీట వేసేవారు, వడ్డించాక పక్కకు తప్పుకునేవారు. నేను ఈస్టరుకని సమాధుల తోటలో సున్నం కొట్టేవాళ్లకి సాయంగా ఉండిపోయాను. ఒక చిన్న సమాధికి శాంతమ్మగారు తానే సున్నం వేసుకున్నారు, ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు.

ఈస్టరు వేకువన కొవ్వొత్తులతో సమాధుల దగ్గర పాటలు పాడి, తెల్లవారుతుండగా చెరువు గట్టు మీదుగా గుడికి నడుస్తున్నాం. గట్టు మీద తలారి నిలబడి ఉన్నాడు. మళ్లీ ఏదో గొడవ వచ్చిందనుకుని పాట ఆపేశారు. అతను యాకోబు గారితో అన్నాడు:

“కాలువ వదిలేదాకా రోజూ పొద్దున్నే మీ ఆడాళ్లని బిందెలు తీసుకుని రమ్మన్నారండి మునసబుగారు. రేవులో దిగొద్దన్నారు. నేను తోడి పోస్తానండి.”

దిగొద్దనడం ఏమిటి, తోడి పొయ్యడం ఏమిటి అని నేను నోరు తెరవబోయాను. ఈలోగా యాకోబు గారు “ఆయ్!” అన్నారు. ఆడవాళ్లు పండక్కి కట్టిన చీరలతోనే బిందెల కోసం పరుగెత్తారు. నా కోపాన్ని నా దగ్గరే ఉంచుకోవలసి వచ్చింది. నలభై రోజులు పూటకు పిడికెడు చొప్పున దాచిన బియ్యంతో ఆ మధ్యాహ్నం సంఘమంతా కలిసి తినే ప్రేమ విందు వండారు. కాలువ కట్టేసినప్పటినుంచీ ఉప్పునీళ్లలో పప్పు సరిగ్గా ఉడకలేదట. ఆ రోజు మెత్తగా ఉడికిందని ఆడవాళ్లు ఒకరికొకరు చూపించుకున్నారు.

జట్కా ఎక్కబోతుంటే శాంతమ్మగారు గ్లాసుతో వచ్చారు. తేటగా ఉన్నాయి నీళ్లు. తాగాను. ఖాళీ గ్లాసు తీసుకుంటూ, “పోయినేడు వచ్చుంటే బావుండేదండి మీరు,” అన్నారు.

రాజోలు వరకూ, అక్కడినుంచి రేవు వరకూ ఆ మాటే. బస్సు ఎంత ఆలస్యమైందో చూసుకోలేదు. అంతకుముందు రెండు రోజులు నేను యాకోబు గారి మర్యాద మీద మండిపడ్డాను, మునసబు అరకొర దయ మీద మండిపడ్డాను. కానీ పోయినేడు కూడా శ్రమల దినాల్లో నన్ను ఆ పేటకే రమ్మన్నారు. దూరమనీ, ఎండలనీ మర్యాదగా ఒక కార్డు రాసి తప్పించుకున్నాను. ఆ సంగతి ఆమెకు తెలుసో తెలియదో, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మీరు ఏప్రిల్‌లో ఆ వైపు వెళితే కాలువలో పడవ ఉంటుందని నమ్మకండి, రాజోలులోనే జట్కా మాట్లాడుకోండి. పేటలో బొండం ఇస్తే తాగండి. తర్వాత వాళ్లు తాగే నీళ్లు ఒక గ్లాసు అడగండి, ఇచ్చేదాకా అడగండి.