గోరింక ఉన్న ఇంట్లో ధూపం

నా చిన్నప్పుడు మా నాయిన నాచారంలో ఒక ఇంజనీరింగ్ కంపెనీలో పనిచేసేవాడు. ఒక సాయంత్రం ఖాళీ టిఫిన్ డబ్బాలో గోరింక పిల్లను పెట్టుకొని వచ్చాడు. షెడ్డు రేకుల సందులో ఉన్న గూటి నుంచి జారి మెషీను పక్కన పడిందట. ఒంటి మీద ఈకలు కూడా సరిగా లేవు. మా బాపమ్మ పుట్నాల పిండిని తడిపి, చిన్న చిన్న ముద్దలు చేసి, నోట్లో పెట్టి దాన్ని బతికించింది. నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆమే. నేను బడి మొహం చూడలేదు. దేవుని గూటి ముందు కూర్చొని పలక మీద రాస్తుంటే గోరింక నా భుజం మీద వాలి బలపాన్ని పొడుస్తుండేది.

రెక్కలు ముదిరేసరికి అది ఫ్యాక్టరీ సైరన్ నేర్చుకుంది. అక్కడ షిఫ్టు సైరన్ మోగి ఆగగానే మా ఇంట్లో సన్నగా ఇంకో సైరన్ మోగేది. నాయిన ఇంట్లో ఉంటే, డ్యూటీకి పొమ్మని ఇది కూడా తరుముతున్నదని నవ్వేవాడు.

మా భయమంతా పిల్లి గురించే. మా గోడ మీద తిరిగే బూడిదరంగు పిల్లి ఒకటి దాని మీద కన్నేసింది. అందుకని పంజరాన్ని దేవుని గూటికి పైన, ఎత్తుగా మేకుకు తగిలించి తలుపులు, కిటికీలు మూసి ఉంచేవాళ్లం. దేవుని పక్కన ఉన్నదానికి ఇంకేం ఫికరని బాపమ్మ ధైర్యం.

ఆ శ్రావణంలో ముసురు పట్టి కిటికీ రెక్క తెరిచింది లేదు. ఒక శుక్రవారం పొద్దున చూస్తే గోరింక పంజరం అడుగున ఒళ్లంతా ఉబ్బించుకొని కూర్చుంది. ముక్కు తెరిచే ఉంది. పొద్దుటి సైరన్ మోగినా పలకలేదు. ముందు రోజు పక్కింటి అక్క దాని కూత విని మస్తుగా మెచ్చుకొని పోయింది కాబట్టి దిష్టి తగిలిందని అమ్మ అనుకుంది. అప్పటికే బాపమ్మ పూజకు సాంబ్రాణి వేసింది. అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు పంజరం చుట్టూ తిప్పి ఆ ధూపం నిప్పుల్లోనే పడేసింది.

దిష్టి ఉంటే మిరపకాయలు కాల్చినా ఘాటు రాదని మా దిక్కు నమ్మకం. ఆ రోజు మాత్రం కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నా దగ్గు ఆగలేదు. పొగ పైకి పోయి పంజరం దగ్గరే ముసురుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా గోరింక తోక పైకీ కిందికీ ఊగింది. కాసేపటికి అది పక్కకు ఒరిగిపోయింది.

బాపమ్మ దగ్గుతూనే నిప్పుల వైపు చూసింది, తర్వాత పైకి చూసింది.

"ఘాటొచ్చింది గదనే, దిష్టి లేదు. మన పొగనే దాని పానం తీస్తున్నది."

కలశంలో నీళ్లు తీసి నిప్పుల మీద కుమ్మరించింది. ఆమె ఒక్క శుక్రవారం కూడా ధూపం తప్పిన మనిషి కాదు. అమ్మ బిత్తరపోయి, "దేవుని ముందట నిప్పు ఆర్పుతున్నవా అత్తమ్మా?" అంది.

"దేవునికి పొగ లేకున్నా నడుస్తది. దీనికి గాలి లేకుంటే నడవది. తలుపు తియ్యి."

గోరింకను అరచేతిలో పట్టుకొని వరండాలోకి వచ్చి కూర్చుంది. బయట నీళ్ల డ్రమ్ము కింద, వానకు తడవకుండా, ఆ పిల్లి ఉండనే ఉంది. బాపమ్మ నా చేతికి కట్టె ఇచ్చింది.

"నువ్వు పిల్లిని సూడు బిడ్డా. దీన్ని సూడకు."

అంతకన్నా కష్టమైన పని నాకు మళ్లీ ఎవరూ చెప్పలేదు. నా కళ్లు పిల్లి మీదే ఉన్నాయి. చెవులు మాత్రం వెనక్కే. బాపమ్మ రామనామం సన్నగా వినిపిస్తోంది. అది ఆగినప్పుడల్లా గోరింక పోయిందనుకునేదాన్ని. మళ్లీ మొదలైతే నాకు ఊపిరొచ్చేది. తిరిగి చూడాలని మెడ లాగేస్తున్నా, చూస్తే ఆ సందులో పిల్లి దూకుతుందని బిగబట్టుకున్నాను.

మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది. ఆగింది. నా వెనక ఏమీ లేదు, చూరు నీళ్ల చప్పుడు తప్ప. రామనామం కూడా ఆగింది.

అప్పుడు వినబడింది, సగం సైరన్. మధ్యలో విరిగి, మళ్లీ లేచి.

ఇక చెప్పిన మాట వినలేకపోయాను, వెనక్కి తిరిగాను. బాపమ్మ అరచేయి మీద అది కాళ్లు ఊని నిలబడింది. ఆమె ఆ చేతిని దించకుండానే రెండో చేత్తో లోపలి దేవునికి దండం పెట్టుకుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో దీపం లోపల, ధూపం బయట తులసి దగ్గర. నాయిన పిల్లి దూరకుండా కిటికీకి జాలీ కొట్టి, పంజరాన్ని గాలి తగిలేచోటికి మార్చాడు. వానలు పోయాక పంజరం తలుపు తీస్తే గోరింక ఫ్యాక్టరీ షెడ్డు పైకప్పు మీదికే ఎగిరిపోయింది. ఆ తర్వాత చాన్నాళ్లు, సైరన్ మోగి ఆగగానే దాని కూత కోసం మేమందరం చెవి ఒగ్గి నిలబడేవాళ్లం.

ఇప్పుడు ఉప్పల్‌లో మా కొడుకు ఫ్లాటులో ఉంటున్నాను. హాల్లో మనవరాలి లవ్‌బర్డ్స్ ఉన్నాయి, ఇంకో గదిలో ఆయాసం ఉన్న మా ఆయన. స్వామి దయ వల్ల నాకూ శుక్రవారం ధూపం తప్పలేదు, బాల్కనీలో వేస్తాను. అగ్గిపుల్ల గీసే ముందు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఇంట్లో ఎవరెవరు ఊపిరి తీసుకుంటున్నారో చూసుకుంటాను. నా పూజ అక్కడే మొదలవుతుంది.