అమ్మణ్ణి గారి గొంతు లేహ్యం

మాదాపూర్‌లో మా ఆఫీసు వెనక సందులో ఒక డేకేర్ ఉంది. ఉద్యోగాలకు వెళ్ళే తల్లులు పిల్లల్ని పొద్దున అక్కడ దింపి సాయంత్రం తీసుకెళతారు. బోర్డు మీద పేరు ఏదైనా, గోడల మీద ఎన్ని జిరాఫీల బొమ్మలున్నా, అది నడిచేది అమ్మణ్ణి గారి వల్లనే అని మా అందరికీ తెలుసు. యజమాని రూబీ మేడమ్‌కి కూడా తెలుసు, కాకపోతే ఒప్పుకోరు.

అమ్మణ్ణి గారిది అమలాపురం దగ్గర పల్లెటూరు. భర్త పోయాక నిజాంపేట వచ్చి, అక్కడొక హాస్టల్లో కొన్నాళ్ళు వంట చేసి, తరవాత ఈ డేకేర్‌లో ఆయాగా చేరారు. చేరి పద్నాలుగేళ్ళయింది. అరవై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చుంటే లేవడానికి గోడ సాయం కావాలి. అయినా ఏడుస్తున్న పిల్ల కనిపిస్తే ముందు కూర్చునేస్తారు, లేవడం సంగతి తరవాత.

ఆవిడ దగ్గర ఒక స్టీలు డబ్బాలో గొంతు లేహ్యం ఉండేది. అతిమధురం, శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు దంచి, జల్లించి, తాటిబెల్లం పాకంలో పోసి, చివర నెయ్యి వేసి దింపుతారు. వానాకాలం మొదలైతే చాలు, పిల్లలకు వరసగా గొంతులు పట్టేసేవి. అడిగిన వాళ్ళందరికీ ఆవిడ లేహ్యం పెట్టేసేవారు కాదు. పిల్లని ఒళ్ళో వెలుతురు వైపు కూర్చోబెట్టుకుని "ఆ అను నా తల్లే" అని నోట్లోకి చూసేవారు. దవడ కింద రెండు వేళ్ళతో తడిమి గడ్డలున్నాయేమో చూసేవారు. ఊపిరిలో పిల్లికూత వినిపించినా, ఉమ్మి మింగలేకపోతున్నా డబ్బా మూత తీసేవారే కాదు, నేరుగా ఆసుపత్రికి పంపేవారు. లేహ్యంలో తేనె కలిపి పెట్టమని కొందరు అడిగితే, ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించేది లేదని కచ్చితంగా చెప్పేవారు. ఆ విషయం మీద ఒక నాయనమ్మతో గంటసేపు పోట్లాడారు, నెగ్గారు కూడా.

నా కూతురు రసజ్ఞకు అయిదేళ్ళు. ఇంట్లో నేను బతిమాలినా, వాళ్ళ నాన్న రవికిరణ్ బెదిరించినా పెదవి విప్పని పిల్ల, అమ్మణ్ణి గారి చెంచా చూస్తే పిచ్చుకపిల్లలా నోరు తెరిచేది. నాకు కాస్త అసూయగానే ఉండేది.

పోయిన జూలైలో దానికి గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. అమ్మణ్ణి గారు చూసి "ఇది నా డబ్బాతో పోయేది కాదమ్మా, చీము పొక్కుల్లా ఉన్నాయి, డాక్టరు గారికి చూపించండి" అన్నారు. కూకట్‌పల్లిలో పిల్లల డాక్టరు పరీక్ష చేసి యాంటీబయాటిక్ సిరప్ రాశారు. పది రోజులు, పూటకు అయిదు మిల్లీలీటర్లు. గొంతుకు హాయిగా ఉండటానికి లేహ్యం పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోండి, సిరప్ మాత్రం ఆపొద్దు అన్నారు.

సిరప్ వేయడం అంటే మా ఇంట్లో పొద్దునా సాయంత్రం యుద్ధమే. ఒక పూట అంతా రవికిరణ్ చొక్కా మీదే ఉమ్మేసింది. లేహ్యం మాత్రం వేలితో సహా నాకేది. నాలుగో రోజుకి జ్వరం లేదు, నొప్పి లేదు, ఇల్లంతా గంతులు. నేను సిరప్ సీసా ఫ్రిజ్ తలుపులో పెట్టాను. అంతే, మళ్ళీ తీయలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. టెస్టు సగంలో ఆపి, అంతా బాగానే ఉందని ఎవరైనా రాస్తే ఊరుకోను, మీటింగులోనే కడిగేస్తాను. ఇంట్లో నేను చేసింది సరిగ్గా అదే పని.

అమ్మణ్ణి గారితో గొప్పగా చెప్పాను. "మీ లేహ్యంతోనే తగ్గిపోయిందండి. సిరప్ ఆపేశాను."

ఇంకో రోజైతే ఆవిడ "డాక్టరు గారిని అడిగారా?" అనేవారు. ఆ రోజు అనలేదు. ఆవిడ ముఖం విప్పారింది. "నా లేహ్యమేనాండి?" అని రెండుసార్లు అడిగారు. నేను అంతటితో ఆగానా, లేదు. డేకేర్ తల్లుల వాట్సాప్ గ్రూపులో ఇంత పొడుగు మెసేజి పెట్టాను. యాంటీబయాటిక్ అవసరం లేకుండా అమ్మణ్ణి గారి లేహ్యంతో మా పాప కోలుకుందని, ఇలాంటి వాళ్ళు మన మధ్య ఉండటం అదృష్టమని. దాని కింద చప్పట్లు, దండాలు, మాకూ కావాలనే మెసేజిలు.

రెండు వారాల్లో అమ్మణ్ణి గారి జీవితం మారిపోయేలా కనిపించింది. ఆదివారాలు నిజాంపేట గదిలో పెద్ద గిన్నె పెట్టి పాకం తిప్పి, డబ్బాల్లో నింపి తల్లులకు అమ్మారు. రూబీ మేడమ్ ఆ డబ్బాల మీదికి ఆవిడ పేరుతో స్టిక్కర్లు కూడా వేయించారు. "ఇంకో ఆర్నెల్లు ఇలాగే నడిస్తే ఇంటి దగ్గరే కూర్చుని ఇదే చేసుకుంటానమ్మా, ఈ మోకాళ్ళు ఇంక నేల తుడవనంటున్నాయి" అని నాతో మెల్లగా చెప్పారు. నాకు ఎంత సంతోషమనిపించిందో, అంతా నా చలవే అన్నట్టు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేశారు. "అమ్మా, రసజ్ఞ నిద్ర లేచింది గానీ నిలబడనంటోంది. మోకాళ్ళు నొప్పంటోంది. ఒళ్ళు కాలిపోతోంది. మీరు వచ్చేయండి."

పిల్ల ఆవిడ మెడ వదల్లేదు. అందుకని ఆవిడ కూడా నాతో పాటు క్యాబ్ ఎక్కారు. డాక్టరు గొంతు చూశారు, మోకాళ్ళు వంచి చూశారు, పాత చీటీ తిరగేశారు.

"పోయినసారి ఇచ్చిన సిరప్ పది రోజులు మొత్తం వేసిన్రా?"

"వేశామండీ, మొత్తం" అన్నాను. అలా ఎందుకన్నానో ఇప్పటికీ చెప్పలేను. ఆ క్షణంలో మంచి తల్లిలా కనిపించాలనిపించింది.

"మొత్తం వేసినా మళ్ళ వచ్చిందంటే ఆ మందు పనిచేస్తలేదు. వేరేది మార్చాలె" అని ఆయన కలం తీశారు.

అమ్మణ్ణి గారు పిల్లను భుజం మార్చుకున్నారు. "లేదండి డాక్టరు గారు. మూడు రోజులే వేశారు. నా లేహ్యంతో తగ్గిందనుకుని ఆపేశారండి. నాకూ తెలుసండి. నేనూ అలాగే అనుకున్నాను, ఊరుకున్నాను."

నా చెవులు వేడెక్కిపోయాయి. డాక్టరు కలం పక్కన పెట్టి నన్ను చూశారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "అమ్మా, ఈ గొంతు రోగం సగంల వదిలేస్తే ఒక్కోసారి కీళ్ళకు, గుండెకు పోతది. భయపెడుతలేను, గుండె స్కాన్ తీద్దాం, రక్తం చూద్దాం" అన్నారు.

స్కాన్ గది బయట ఆ నలభై నిమిషాలు నేను మనిషిని కాను. లోపల రసజ్ఞ గుండె తెర మీద కొట్టుకుంటోంది, బయట నాది. అమ్మణ్ణి గారు నన్ను ఒక్క మాట అనలేదు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నారు.

గుండె బాగానే ఉంది. రక్తంలోనూ భయపడేది ఏమీ లేదని మర్నాడు చెప్పారు. జ్వరం తిరగబెట్టడం వల్ల వచ్చిన ఒళ్ళు నొప్పులే. మళ్ళీ అదే సిరప్, మళ్ళీ పది రోజులు.

గ్రూపులో నిజం చెప్పాలని నాకు తెలుసు. నాలుగు రోజులు రాశాను, చెరిపేశాను. నా మెసేజి నమ్మి ఇంకెవరైనా మందు ఆపేసి ఉంటే అన్న ఆలోచన గుచ్చుతూనే ఉంది. అయినా, అందరూ నా గురించి ఏమనుకుంటారో అన్న బెంగే నెగ్గింది. అయిదో రోజు భోజనాల వేళ, రూబీ మేడమ్ ఫోన్ నుంచి వచ్చిన వాయిస్ మెసేజిలో అమ్మణ్ణి గారి గొంతు వినిపించింది.

"అందరికీ నమస్కారమండి. నేను ఆయాని. రసజ్ఞకి తగ్గింది నా లేహ్యంతో కాదండి, డాక్టరు గారి మందుతో. మందు ఆపమని వాళ్ళమ్మ గారికి నేనే చెప్పానండి. నాది తప్పు. ఎవరైనా అలా ఆపేసుంటే ఇవాళే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళండి. లేహ్యం ఇంక ఎవరికీ చేయనండి."

కింద ఎవరో రాశారు, ఆయాల మాట వింటే ఇలాగే ఉంటుందని.

ఆఫీసు క్యాంటీన్‌లో పళ్ళెం అలాగే వదిలేసి రాశాను. "ఆవిడ ఆపమనలేదు. ఆపింది నేను. డాక్టరుతో అబద్ధం చెప్పింది కూడా నేనే. నిజం చెప్పి నా కూతుర్ని కాపాడింది ఆవిడ." ఈసారి చెరపలేదు. సాయంత్రంలోపు ఇద్దరు తల్లులు మేమూ ఆపేశామని, డాక్టరు దగ్గరికి బయలుదేరామని రాశారు. ఆ రెండు మెసేజిలు చదివి బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

మర్నాడు రసజ్ఞను దింపడానికి వెళితే ఆవిడ గుమ్మం దగ్గరే ఉన్నారు.

"ఎందుకండీ అలా చెప్పారు?" అన్నాను.

"మీ గురించి నలుగురూ అనుకుంటుంటే బాగుంటుందా అమ్మా? రోజూ పిల్లని ఎత్తుకుని ఇదే గుమ్మంలోకి రావాలి కదా మీరు."

"మీరు రావద్దాండీ, ఇదే గుమ్మంలోకి?"

ఆవిడ కొంగు తీసి ముఖం తుడుచుకున్నారు.

"పద్నాలుగేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదమ్మా" అన్నారు.