అన్నం పొద్దు కమ్మి

మొన్న మా వీధి చివర కడుతున్న మేడ దగ్గర విరిగిన కమ్మి ముక్క ఒకటి కనిపిస్తే, వంగి తీసుకుని, దాని తెగిన ముఖాన్ని ఎండకు తిప్పి చూశాను. కాపలా మనిషి నన్ను పాత ఇనుము ఏరుకునేవాడిగా లెక్కగట్టి ఉంటాడు. విరిగిన చోటు చూడనిదే ఏ ఇనుము మీదా అభిప్రాయం చెప్పకూడదన్న ఈ అలవాటు డెబ్బైల చివర, నంద్యాలలో మా మేనమామ నడిపిన చిన్న రోలింగ్ మిల్లులో నాకు పట్టుకుంది.

మిల్లంటే ఒక రేకుల షెడ్డు, ఒక బట్టీ, వరుసగా కొన్ని రోలర్లు. ఎర్రగా కాగిన ఇనుప దిమ్మెను రోలర్ల మధ్యకు తోస్తే అవతలికి సాగి వచ్చేది. అక్కడ కాళ్లకు తడి గోనెపట్టాలు చుట్టుకుని నిలబడ్డ మనిషి దాన్ని పటకారుతో అందుకుని, ఇంకా ఇరుకైన గాడిలోకి తిప్పి పంపేవాడు. పోనుపోను సన్నబడి అది కమ్మి అయ్యేది. కాలిన నూనె, ఆవిరెక్కిన గోనె, మూటల్లోని జొన్నరొట్టె, ఈ మూడూ కలిసిన వాసన ఆ షెడ్డుకు తప్ప మరెక్కడా నాకు తగల్లేదు.

మా నాయన ఆళ్లగడ్డలో చర్చి బడికి పెద్దయ్యవారు. కొత్త గదికి స్లాబు వేయడానికి కమ్ములు బామ్మర్ది మిల్లు నుంచే తెప్పించాడు. కొసలు వంచుతుంటే కొన్ని పుటుక్కున విరిగాయి. ఆ ముక్కలను తువ్వాలులో చుట్టుకుని, శిరివెళ్ల మీదుగా వచ్చే బస్సెక్కి, నేరుగా మిల్లులోకి వచ్చి మామ ముందు పరిచాడు. మెటలర్జీ చదువుతూ సెలవులకు వచ్చిన నేను అక్కడే ఉన్నాను.

"ఏందప్పా ఇది? కమ్మి అనుకుంటివా, బెల్లం అనుకుంటివా?"

"ఒగటో రెండో ఇరిగుంటాయి బావా. వంచేవోనికి చేతగాల్యా."

"ఆ కప్పు కింద కూర్చునేది పిల్లోల్లు. ఎందుకిరిగిందో తేలేదాంక స్లాబు ఎయ్యను. తేలకుంటే నీ ఇనుమూ వద్దు, మన రాకపోకలూ వద్దు."

మామ ముఖం నల్లబడింది. నాయన ఒట్టిగా అనే మనిషి కాడు. ఆ మాటకు కట్టుబడితే ఇద్దరి మధ్య నలిగేది మా అమ్మ.

రోలర్ల దగ్గర ఉండే మేస్త్రీ మాత్రం తొణకలేదు. "అన్నం పొద్దు కమ్మి ఇరుగుతాది సామీ. ఇది మాకందరికీ తెలిసిందే" అన్నాడు. అన్నం పొద్దు కమ్మి అంటే, మధ్యాహ్న భోజనం కాగానే లాగిన మొదటి కమ్ములు. కడుపు నిండినవాడి కన్ను ఇనుముకు తగులుతుందని వాళ్ల నమ్మకం. అందుకే తిని లేవగానే బట్టీలోకి గుప్పెడు ఉప్పు విసిరేవారు.

ఇందులో రెండు సంగతులున్నాయి: కమ్మి విరుగుతుందన్నది చూసినది, కన్ను తగిలిందన్నది ఊహించినది. మొదటిదాన్నీ నేను వెంటనే నమ్మలేదు; విరిగినవి గుర్తుంటాయి, విరగనివి గుర్తుండవు. కొన్నాళ్లు ఆ పూట కమ్ములకు గుర్తుగా సున్నం పూసి, తక్కినవాటితో కలిపి వంచి చూశాను. మేస్త్రీ మాట నిజమే. కారణం గురించి నా ఊహ వేరు. మనుషులు తింటున్నంతసేపూ దిమ్మెలు బట్టీలో మగ్గుతాయి. లోపలి సూక్ష్మమైన రేణువులు పక్కవాటిని కలుపుకుని లావెక్కుతాయి. ఆపైన హడావిడిగా, మితిమీరిన వేడిలోనే లాగేస్తే అవి చిన్నవిగా మారే వీలుండదు. అయితే దిమ్మెలు పోసిన పాత ఇనుమే చెడ్డదై ఉండవచ్చు కూడా. అందుకని ఒకే దిమ్మెను రెండుగా కోయించాను. ఒక సగం భోజనాలయ్యేదాకా బట్టీలో ఉండి వేడివేడిగా కమ్మి అయింది. రెండో సగాన్ని తగుమాత్రం కాగగానే తీసి, చివరి గాడికి ముందు నారింజ రంగు తగ్గి ఎర్రబడేదాకా ఆపించాను.

"రెండిటి పలుకూ చూడు మేస్త్రీ" అని చెప్పి భూతద్దం కోసం పక్కనే ఉన్న మామ ఇంట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అతడు రెండు కమ్ములనూ తీగకు వేలాడదీసి, సుత్తితో తట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"రెండూ బాగనే పలుకుతాండాయప్పా!"

మామ అన్ని రోజుల్లో మొదటిసారి నవ్వాడు. "వాడనేది అన్నంలో పలుకప్పా, నోట్లో పలుకు గాదు!"

"ఇనుములో అన్నమేందబ్బా? ఓహో, అందుకేనా ఇరిగేది!"

నవ్వులు తగ్గాక విరిచాం. మొదటిది ఒక్క దెబ్బకే తెగింది. తెగిన చోట కలకండలా పెద్ద పలుకులు తళతళలాడాయి. రెండోది కొక్కెంలా వంగింది, తిరిగి చక్కనైంది. గాటు పెట్టి ఎంతో కష్టం మీద విరిస్తే లోపల రాగిపిండిలా సన్నగా, బూడిదరంగులో ఉంది. తక్కువ కాచడం ఎంత మేలు చేసిందో, ఆగి లాగడం ఎంత మేలు చేసిందో ఆ ఒక్క పరీక్ష విడదీసి చెప్పదు. ఆ ముక్కలు చూడవచ్చిన నాయనకు ఆ మాటా చెప్పాను. ఆయన అడిగింది వేరే.

"సరే. బడికాడ పడుండే కమ్ముల్లో అన్నం పొద్దువి ఏవి?"

బడికి పంపినవాటి మీద సున్నం గుర్తు లేదు. మామ "లారీ పంపిస్తా బావా, అన్నీ ఎనక్కి తెప్పిస్తా" అన్నాడు.

మళ్లీ కొత్తగా లాగారు. దిమ్మెలు బట్టీలో ఊరికే మగ్గకుండా మనుషులు వంతులవారీగా తిన్నారు. చల్లబడ్డ ఇనుమును లాగలేక రెక్కలు పోతున్నాయని పటకార్ల వాళ్లు నన్ను తిట్టుకున్నారు. ఉప్పు విసరడం మాత్రం మానలేదు. దానివల్ల చెడు జరిగిన దాఖలా లేదు కనుక నేనూ వద్దనలేదు.

స్లాబు కింద చెక్కలు విప్పిన రోజు నాయన పిల్లలను లోపలికి రానివ్వలేదు. మామకు కబురుపెట్టాడు. ఇద్దరూ ఆ ఖాళీ గదిలో చాప పరుచుకుని, కప్పు వైపు చూస్తూ, పొద్దు వాలేదాకా కూర్చున్నారు. ఒక కప్పును నమ్మడానికి ఎంత కాలం కావాలో ఏ పరీక్షా తేల్చలేదు గానీ, ఒక మనిషిని తిరిగి నమ్మడానికి ఒక్కోసారి ఒక మధ్యాహ్నం చాలుతుంది.