చార్టులోంచి తీసేసిన అంకె

మా ఆఫీసులో చార్టులంటే నేనే. పోర్టుకి వచ్చే ఓడల లెక్కలు చూసే చిన్న ఏజెన్సీ మాది. ఏ ఓడ బయట సముద్రంలో ఎన్నాళ్లు ఆగింది, ఎప్పుడు లోపలికొచ్చింది, ఎప్పుడు సరుకు దింపి వెళ్లింది, ఇవన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, నెలాఖరుకి బొమ్మ గీసి మేనేజరు ముందు పెట్టడం నా పని. అన్నీ రెండు మూడు రోజుల్లో లోపలికొచ్చేస్తే ఏ బాధా లేదు. ఏదో ఒక మహాతల్లి వస్తుంది, కాగితాల గొడవలో ఇరుక్కుని నెలంతా అక్కడే లంగరేసుక్కూర్చుంటుంది. అంతే, నా చార్టు నాశనం. దాని స్తంభం ఒక్కటీ కొబ్బరిచెట్టులా పైకి లేచిపోతుంది, మిగతా ఓడలన్నీ దాని కింద గడ్డిపరకలైపోతాయి. రెండు రోజులు ఆగినదానికీ నాలుగు రోజులు ఆగినదానికీ తేడా కనిపించి చావదు.

దీనికి నా దగ్గర ఉపాయాలున్నాయి. కొలతని పైన కత్తిరించేసి, ఆ పొడుగు స్తంభం మీద చిన్న వంకర గీత పెట్టి, అసలు అంకె పక్కన రాయొచ్చు. దాన్నొక్కదాన్నీ వేరే చార్టులో పెట్టొచ్చు. పది, వంద, వెయ్యి అని మెట్లెక్కుతూ పోయే లాగ్ స్కేలు కూడా ఉంది. ఒకసారి అది పెడితే మా మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇదేంటమ్మా, అన్నీ ఒకేలా ఉన్నాయి?" అన్నారు. ఆయనకి నచ్చే ఉపాయం ఒక్కటే. "తీసెయ్యమ్మా దాన్ని." మొదట్లో వాదించేదాన్ని. అసలా ఓడ ఎందుకు ఆగిందో కింద ఒక ముక్క రాయాలండీ అనేదాన్ని. ఎవరు వింటారు? పోనుపోనూ నా చెయ్యి కూడా డిలీట్‌కే అలవాటు పడింది.

మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకి దగ్గర్లో. మా ఆయనది స్టీల్ ప్లాంటులో షిఫ్టుల ఉద్యోగం. మేమిద్దరం, మా అత్తగారు, ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి, అంతే ఇంట్లో. అత్తగారికి షుగరు. ఇంట్లోనే వేలు గుచ్చి చూసుకునే మిషన్ ఉంది. గుచ్చడం మా అమ్మాయి డ్యూటీ. నేను గుచ్చానా, "ఓలమ్మో, సంపేత్తన్నావే!" అని వీధి వీధంతా వినపడేలా అరుస్తుందావిడ. మనవరాలైతే నవ్వుతూ చెయ్యి చాపుతుంది.

సీతమ్మధారలో మేం చూపించుకునే డాక్టరమ్మ ఈసారి రీడింగులన్నీ రాసుకు రమ్మంది. రాసుకెళ్లడమేంటి నా మొహం, ఏకంగా చార్టే పట్టుకెళ్తాను అనుకున్నాను. ఆదివారం రాత్రి భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, మిషన్ గుర్తుపెట్టుకున్న అంకెలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసి ఎక్కించాను. గీత గీశాను. ఓర్నాయనో! నూట నలభై, నూట డెబ్భై, నూట అరవై... మధ్యలో నాలుగు వందల ముప్ఫై. గీతంతా నేలకి అతుక్కుపోయింది, అదొక్కటే నిటారుగా నిలబడింది.

"అత్తయ్యా! నాలుగొందలు దాటింది, ఏం తిన్నారు?"

"ఏటి తిన్నాను? నువ్వెట్టిందే తిన్నాను."

"పెందుర్తి నుంచి వదిన పంపిన మాడుగుల హల్వా ఏమైంది మరి?"

"అమ్మతోడు, నాను ముట్టుకోలేదే తల్లీ! నా నోటికాడికి కూడా రాలేదది!"

"మిషన్ అబద్ధం చెప్తుందా?" అని దులిపేశాను. ఆవిడ మొహం మాడ్చుకుని కంచం ముందు నుంచి లేచిపోయింది. మా ఆయన అన్నం కలుపుకుంటూ తల కూడా ఎత్తలేదు. "వేలికేదో తీపి అంటుకునుంటాదే. వొదిలెయ్." నిజమే, చెయ్యి కడుక్కోకపోతే అంకె తప్పొస్తుందని డాక్టరమ్మే ఒకసారి చెప్పింది. "అయితే తప్పుడు రీడింగన్నమాట, తీసేస్తున్నా" అని పైకే అనేసి, ఆ గడి మీద నొక్కి డిలీట్ కొట్టాను. అబ్బ, గీత ఎంత ముచ్చటగా విప్పారిందో! ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, అన్నీ తెలుస్తున్నాయి. మా అమ్మాయి నా వెనకాలే నిలబడి, నీళ్ల సీసా ఎత్తిపట్టుకుని తాగుతూ చూస్తోంది. "బాగుందా?" అన్నాను. "బాగుందమ్మా" అంది.

మర్నాడు సాయంత్రం డాక్టరమ్మ చార్టు చూసి మురిసిపోయింది. "ఎవరేశారమ్మా ఇంత చక్కగా?" అంది. నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. రాత్రి కోపం అలాగే ఉంది మరి.

"సక్కగా ఏటి మేడమ్! నాలుగొందలు దాటిందని నన్ను దొంగని సేసింది. మళ్లీ తనే అది తీసిపారేసింది!"

డాక్టరమ్మ మొహంలో నవ్వు పోయింది. మిషన్ ఇమ్మంది. బటన్ నొక్కుకుంటూ వెనక్కి వెనక్కి వెళ్లి ఆగింది. "ఇది పోయిన బుధవారంది" అంది.

"బుధవారం నాను ఇంటికాడే లేను మేడమ్. పెందుర్తిలో మా అమ్మాయి ఇంటికాడున్నాను."

నిజమే. వదిన వాళ్లింట్లో వ్రతం, ఆవిణ్ణి ఆటో ఎక్కించింది నేనే. మిషన్ మా అల్మారాలోనే ఉండిపోయింది. నా చార్టులో కింద ఒకటి, రెండు, మూడు అని వేశానే గానీ తేదీ వెయ్యలేదు. తేదీ చూడాలని నా బుర్రకి తట్టనే లేదు.

"మరి ఇదెవరిదమ్మా?" అంది డాక్టరమ్మ.

అక్కడే మా ఆయనకి ఫోన్ చేశాను. "మీరేమైనా గుచ్చుకున్నారా?" అంటే, "నాకేటి పని? పిచ్చెక్కిందేటే?" అన్నారు. ఇంట్లో ఇంకెవరున్నారని డాక్టరమ్మ అడిగింది. "మా అమ్మాయి... పదమూడేళ్లు..." అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే, ఇంట్లో ఆ మిషన్ పట్టుకునేది అదేగా అని గుర్తొచ్చింది.

"నీళ్లు బాగా తాగుతోందా? సన్నబడిందా? రాత్రిళ్లు బాత్రూమ్‌కి లేస్తోందా?" ఆవిడ ఒక్కొక్కటే అడుగుతోంది, నేను అన్నింటికీ తల ఊపుతున్నాను. ఆ సీసా పిల్ల చేతిలోంచి దిగడం లేదు. చుడీదార్లు వదులైపోతే, "మీ పాప నాజూగ్గా తయారైందే!" అని పక్కింటావిడ అంటే పొంగిపోయాను నేను. రాత్రిళ్లు లేస్తుంటే ఫోన్ కోసమే లేస్తోందని తిట్టాను కూడా. అన్నీ నా కళ్లముందే జరిగాయి బాబోయ్, అన్నీ!

ఆటోలో డ్రైవర్ని తొందరపెడుతూనే ఉన్నాను. అత్తగారు కోపం మర్చిపోయి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏటీ అవదే, ఊరుకో" అంటూనే ఉంది దారంతా. ఇంటికెళ్లేసరికి టీవీ మోగుతోంది, పిల్ల సోఫాలో అడ్డంగా పడి నిద్రపోతోంది. లేపితే కళ్లు సరిగ్గా తెరవలేదు. ఊపిరి బరువుగా తీస్తోంది, నోటి దగ్గర బాగా మగ్గిపోయిన పండు వాసన. వేలు గుచ్చాను. ఈసారి అంకే రాలేదు, ఇంగ్లీషులో ఏవో రెండక్షరాలు వచ్చాయి. డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "మిషన్ కొలవగలిగినదాన్ని దాటిపోయిందని అర్థం. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి" అంది.

ఎత్తుకుని పరిగెత్తాం. సెలైన్లు, ఇన్సులిన్లు, గంట గంటకీ రక్తం. ఇంకొక్క రోజు ఆగుంటే స్పృహ లేకుండా తెచ్చేవారు అన్నారు అక్కడి పెద్ద డాక్టరు. పదమూడేళ్ల పిల్లకి షుగరేంటి! నేను ఆయన మీదే అరిచాను, మా పిల్ల తీపే తినదని. తిండి వల్ల వచ్చేది కాదమ్మా, పిల్లల్లో వచ్చే రకం వేరే ఉంది, ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోతుంది అని ఓపిగ్గా చెప్పారాయన. ఇక రోజూ ఇంజెక్షన్లే. ఎన్నాళ్లని అడిగాను. జీవితాంతం అన్నారు. అంత పెద్ద మనిషి, ఎండైనా వానైనా షిఫ్టు మానని మా ఆయన, ఆ వరండాలోనే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

పిల్ల తేరుకుని, లేచి కూర్చుని ఇడ్లీ తిన్న రోజు, పక్కన చేరి జుట్టు సవరిస్తూ అడిగాను. గట్టిగా అడిగితే ఎక్కడ బెదిరిపోతుందోనని మెల్లిగానే అడిగాను.

"ఎందుకు చూసుకున్నావే ఆ రోజు?"

"షుగరొచ్చినప్పుడు బాగా దాహమేసేదని నానమ్మ చెప్పేది కదా. నాకూ అలాగే వేస్తుంటే చూసుకున్నాను. అంత పెద్ద నంబరు వచ్చేసరికి చాలా భయమేసిందమ్మా. చెప్దామా వద్దా అనుకుంటూనే ఉన్నాను."

"మరి చెప్పలేదేం, నా తల్లీ?"

అది నావైపు వింతగా చూసింది.

"ఆదివారం నువ్వే కదమ్మా, అది తప్పని తీసేశావు" అంది. "హమ్మయ్య అనుకుని పడుకున్నాను."