కిటికీ గట్టు మీది ఉల్లిగడ్డలు

ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు మా వంటింటి కిటికీ దగ్గర నిలబడి ఒక అమ్మాయి ఉల్లిగడ్డల వేర్లు కోసింది. ఆ దసరా సెలవుల్లో అదే వేళకు అదే పని అంతకు ముందు కూడా జరిగింది. ఆ రోజు తేడా ఒక్కటే. ముందు గదిలో నేల మీద నా భార్య శవం ఉంది.

నా భార్య హన్మకొండలో ఒక డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. ఆ అమ్మాయి ఆమె దగ్గర బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతోంది. ఊరు పాలంపేట పక్కన. తండ్రిది వరి సేద్యం. పురుగుల మందు కొట్టాక మడిలో నిలిచే నీళ్లు పెరిగే వేరును ఏం చేస్తాయన్నది ఆమె ప్రశ్న. వాళ్లమ్మ ఆ నీళ్లలోనే నిలబడి పని చేస్తుంది కాబట్టి వచ్చిన ప్రశ్న.

పద్ధతి తేలికైనదే. గాజు గ్లాసులో ఆ నీళ్లు పోసి, మూతి మీద ఉల్లిగడ్డను నిలబెడతారు. కింది నుంచి తెల్లగా వేర్లు దిగుతాయి. వాటి కొసలు కోసి కణాలు చెడకుండా ఉంచే ద్రావణం సీసాలో వేసి, తరువాత రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద ఎన్ని కణాలు రెండుగా విడిపోతున్నాయో చూస్తారు. కణాలు విడిపోవడానికి ఒక వేళ ఉంటుందట, కోత ఆ వేళకే పడాలట. సెలవులకు ల్యాబుకు తాళం వేశారు. అందుకని గ్లాసులు మా వంటింటికి వచ్చాయి. తెలియక ఒకసారి నేను అందులో ఒక ఉల్లిగడ్డను పప్పుచారులో వేశాను.

"అది ఉల్లిగడ్డ కాదు, ఆ పిల్ల రీడింగు. రీడింగును చారు పెట్టినవ్," అని నా భార్య సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

డిగ్రీ విద్యార్థుల పరిశోధనలకు రాష్ట్రస్థాయిలో అవార్డులు ఇస్తారు. జీవశాస్త్రాల విభాగంలో ఆ అమ్మాయి పనిని పంపాలని నా భార్య పట్టుదల. పండుగ దాటితే గడువు అయిపోతుంది. మిగిలింది ఒక్క కోత. ఆ కారు పంటకు మందు కొట్టడం కూడా అయిపోయింది. మళ్లీ అలాంటి నీళ్లు దొరకాలంటే వచ్చే వానాకాలం పంట దాకా ఆగాలి. అప్పటికి ఆమె డిగ్రీ అయిపోతుంది.

తెల్లవారుజామున నా భార్య ఛాతీ బరువుగా ఉందంది. మంచినీళ్లు అడిగింది. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు బయటికి వచ్చి గుండె ఆగిపోయిందన్నాడు. ఇంతకు ముందే నీళ్లు అడిగిన మనిషి అని చెప్పాను అతనికి. అదేదో అతని మాటకు జవాబైనట్టు. చావు గురించి నేను చాలా చదివాను. అందులో ఒక్క వాక్యం కూడా ఆ పొద్దున గుర్తుకు రాలేదు.

ఆ అమ్మాయి హాస్టలు నుంచి మామూలుగానే వచ్చింది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చేతిలో చిన్న సీసాల సంచి. గేటు దగ్గర చెప్పులు చూసింది, గుమ్మంలోంచి లోపలికి చూసింది. ఏడవలేదు. నేనూ అప్పటికి ఏడవలేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మా వైపు చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, నిలవ ఉన్న నీళ్లు పారబోస్తారు. కాజీపేట నుంచి వచ్చిన మా వదిన, అంటే నా భార్య అక్క, ఏడుస్తూనే ఆ పనిలో ఉంది. డ్రమ్ము ఒంచింది. బిందెలు ఒంచింది. ఫ్రిజ్‌లో సీసాలు తెచ్చి సింకులో పోసింది. తరువాత కిటికీ వైపు తిరిగింది.

"పెద్దమ్మా, అవి పారబొయ్యకు!" ఆ అమ్మాయి వంటింట్లోకి పరుగెత్తింది.

"ఎవలే నువ్వు? పీనుగు ఇంట్ల ఉండంగ నీళ్లు నిలవ ఉంచుతరా?"

"అవి తాగే నీళ్లు కావు పెద్దమ్మా. మా పొలం నీళ్లు. పురుగుల మందు కొట్టిన నీళ్లు."

వదిన చేతిలో గ్లాసు అలాగే ఆగింది. ముందు గదిలో ఏడుపులు ఆగాయి. రాత్రి బాగున్న మనిషి తెల్లారేసరికి పోయింది, వంటింట్లో పురుగుల మందు నీళ్లున్నాయి. మా జిల్లాలో ఈ రెండు మాటలు కలిపితే ఏమవుతుందో అందరికీ తెలుసు. అందరూ నా వైపు చూశారు.

వదిన గుమ్మంలోకి వచ్చింది. "తమ్మీ, నిజం చెప్పు. నా చెల్లె మందు తాగిందా? ఏమన్నవ్ దాన్ని?"

ముప్పై ఏళ్ల కాపురాన్ని ఆమె ఒక్క ప్రశ్నలో పెట్టింది. ఆ అమ్మాయి, "అయ్యో, లేదు పెద్దమ్మా, మేడం కాదు, ఉల్లిగడ్డలు తాగుతున్నయి," అంది. అది విని ఎవరో మూలన కిసుక్కుమని నవ్వి, వెంటనే కొంగు అడ్డం పెట్టుకున్నారు.

అప్పుడు నేను లేచాను. దవాఖాన కాగితం వదిన చేతికిచ్చాను. "గుండె ఆగింది వదినా. అవి పరీక్ష నీళ్లు. అవి పోతే ఈ పిల్ల ఏడాది పోతది. నీ చెల్లెకు ఇయ్యాల అదే పని ఉండె," అన్నాను.

వదిన కాగితం చదవలేదు. గ్లాసుల మీద అంటించిన చీటీలు చూసింది. వాటి మీద చెల్లెలి చేతిరాత.

"కోసుకో బిడ్డా, జల్ది కోసుకో. తర్వాత నేనే పారబోస్త."

ఆ అమ్మాయి బ్లేడు తీసింది. తడి గడ్డ చేతిలోంచి జారింది. వదిన తడి చేతులతోనే ఉల్లిగడ్డను తలకిందులుగా పట్టుకుంది. "నా వేలు కోసేవు, జర చూసుకో," అంది. ఒక్కో గడ్డా అలాగే పట్టింది. చావింటి వంటింట్లో కత్తి పట్టారని బంధువులు చాలా రోజులు చెప్పుకున్నారు. వదిన ముందు మాత్రం ఎవరూ అనలేదు.

అవార్డు ఆ అమ్మాయికి వచ్చింది. గైడు కూడా వేదిక మీదికి రావాలట. నా భార్య బదులు నన్ను పిలిచారు. నేను కిందే, వదిన పక్కన కూర్చున్నాను. న్యాయనిర్ణేత మైకులో, "సెలవుల్లో ల్యాబు లేదు కదా, ఆఖరి కోత ఎక్కడ చేశావమ్మా?" అని అడిగాడు.

"మా మేడం వంటింట్ల సార్."

"ఓహో, మరి కూరేం వండారు?" అన్నాడాయన. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. నాకు మాత్రం ఆ పప్పుచారు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నా భార్య పోయాక అదే మొదటిసారి. దానికి నేనే అదిరిపోయాను. వదిన నా చేయి గట్టిగా పట్టుకుంది.

జ్ఞాపికను నా భార్య ఫొటో ముందు పెడతానని ఆ అమ్మాయి ఇంటికి తెచ్చింది. "నీది నీ దగ్గరే ఉండాలె. మీ అమ్మకు చూపియ్యి," అని వదిన సంచిలో పెట్టి పంపింది. ఇప్పుడా అమ్మాయి వేరే ఊళ్లో ఎమ్మెస్సీ చదువుతోంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది.

గ్లాసులు కడిగి బీరువాలో పెట్టాను. ఉల్లిగడ్డలు కూరకు మాత్రమే కొంటున్నాను. ఆ కిటికీ గట్టు మీద వాటిని నీళ్లలో నిలబెట్టడం లేదు.